ఫిబ్రవరి, మంగళవారం, పొద్దున పదకొండు

అమెరికాలో ఊరు మారుతున్నామని చెప్పగానే మనవాళ్ళు మూడు ప్రశ్నలు వేస్తారు. అక్కడ తెలుగువాళ్ళున్నారా? గుడి ఎంత దూరం? ఇల్లు ఎంత పడుతుంది? మూడూ మంచి ప్రశ్నలే. మేమూ వేసుకున్నాం. కానీ మా ఇంట్లో రెండేళ్ళు నలిగిన ప్రశ్న ఇంకోటి ఉంది. ఫిబ్రవరి నెలలో, ఒక మామూలు మంగళవారం, పొద్దున పదకొండింటికి మా అమ్మ ఒక్కతే చెప్పులేసుకుని బయటికెళ్ళి రాగలిగే ఊరు ఏది?

దీనికి నెట్‌లో జవాబు దొరకదు. 'వెచ్చటి ఊళ్ళు', 'ఫ్యామిలీతో ఉండటానికి పది అందమైన నగరాలు' అంటూ ఎన్ని జాబితాలైనా వస్తాయి. స్కూళ్ళ ర్యాంకులుంటాయి, క్రైమ్ రేట్లుంటాయి, సగటు ఉష్ణోగ్రతలుంటాయి, సూర్యాస్తమయం ఫొటో ఎలాగూ ఉంటుంది. అరవై దాటిన మనిషి, కారు నడపడం రాని మనిషి, ఇంగ్లీషు అర్థమైనా మాట్లాడ్డానికి మొహమాటపడే మనిషి పగలంతా ఏం చేస్తుందన్న కాలమ్ మాత్రం ఉండదు.

మేం అప్పుడు మిన్నెసోటాలో ఉండేవాళ్ళం, మినియాపొలిస్ శివార్లలో. ఆ రాష్ట్రాన్ని తిట్టడానికి ఇది రాయట్లేదు. మా వీధి చివర చెరువు, చెరువు చుట్టూ నడకదారి, జూన్‌లో రాత్రి తొమ్మిదింటిదాకా వెలుగు. పార్కుల విషయంలో అమెరికాలో మినియాపొలిస్‌ది ఎప్పుడూ ముందు వరసే. చలికాలం కోసం డౌన్‌టౌన్ బిల్డింగుల్ని రెండో అంతస్తులో అద్దాల వంతెనలతో కలిపేశారు, దాదాపు 80 బ్లాకులు కోటు లేకుండా తిరిగేయొచ్చు. మేపుల్ గ్రోవ్‌లో పెద్ద గుడి. మా పెద్దది అక్కడే పుట్టింది, అక్కడే ఐస్ మీద నడక నేర్చుకుంది. 2019 జనవరి 30న మైనస్ 33 డిగ్రీలు, గాలితో కలిపి ఒంటికి తెలిసేది మైనస్ 48. ఆ రోజు స్కూళ్ళు మూసేశారు, పోస్టు బట్వాడా కూడా ఆపేశారు. మేం ఇంట్లో కూర్చుని మిరపకాయ బజ్జీలు వేసుకుని తిన్నాం. వయసులో ఉన్నవాళ్ళకి చలి అంటే మర్నాడు స్టేటస్‌లో పెట్టుకునే ఫొటో.

అమ్మ 2022 అక్టోబరులో నా రెండో పురుడికి వచ్చింది. నాన్న పోయి అప్పటికి రెండేళ్ళు. నేనొక్కదాన్నే కూతుర్ని. ఆ చలికాలం ట్విన్ సిటీస్‌లో 90 అంగుళాల స్నో పడింది. రికార్డుల్లో మూడో స్థానం. అంటే ఏడున్నర అడుగులు. ఒకేసారి కాదులెండి, అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా వాయిదాల మీద. డిసెంబరులో నాలుగున్నరకే పొద్దు గుంకుతుంది. నాలుగున్నరంటే కాకినాడలో అమ్మ టీ తాగి, వాకిట్లో కుర్చీ వేసుకుని, వచ్చేపోయేవాళ్ళని పలకరించే టైము. ఇక్కడ ఆ టైముకి కిటికీలో తన మొహమే తనకి కనిపించేది.

కాకినాడ నుంచి వస్తూ తెచ్చుకున్న తెలుగు క్యాలెండర్ వంటింట్లో తగిలించింది. తిథి, వర్జ్యం చూసుకోడానికి అనుకున్నాను. ఫిబ్రవరి నెలాఖరున పిల్లాడి టీకా తారీఖు చూద్దామని వెళ్తే కొన్ని తేదీల పక్కన పెన్సిల్‌తో టిక్కులున్నాయి. మా ఊళ్ళో పాల ప్యాకెట్ల లెక్క అలాగే పెడతాం కదా. ఏంటమ్మా ఇవి అంటే, "బయటికెళ్ళిన రోజులే" అంది, చారులో పోపు వేస్తూ. జనవరి, ఫిబ్రవరి కలిపి 59 రోజులు. టిక్కులు తొమ్మిది. అందులో నాలుగు డాక్టరు దగ్గరికి, రెండు గుడికి, మిగతావి కిరాణా కొట్టుకి. అన్నీ కారులోనే. అంటే ఆవిడ మొత్తంగా నడిచింది పార్కింగ్ నుంచి తలుపు దాకా.

ఏప్రిల్‌లో వెళ్ళేముందు పిల్లాడి బట్టలు మడతపెడుతూ అంది, "ఇంక నన్ను రమ్మనకే అమ్మడూ. మీరే వస్తూండండి." కోపంగా అనలేదు. నిష్ఠూరం కూడా లేదు. కూర ఉప్పు సరిపోయిందా అన్నంత మామూలుగా అంది.

మీరే వస్తూండండి అంటే ఏంటో హెచ్-1బి ఇళ్ళలో అందరికీ తెలుసు. టికెట్లు, లీవులు, వీసా స్టాంపింగ్ టెన్షన్, పెద్దదాని స్కూలు. అన్నీ కలిసొస్తే రెండేళ్ళకోసారి మూడు వారాలు. ఆ లెక్కన మా చిన్నాడికి పదేళ్ళొచ్చేసరికి వాడు అమ్మమ్మతో గడిపేది మొత్తం పదిహేను వారాలు. ఈ లెక్క ఆ రాత్రి వేసి మా ఆయనకి చూపించాను. ఆయన ఏం మాట్లాడకుండా ల్యాప్‌టాప్ తీసి ఎక్సెల్ షీట్ మొదలుపెట్టారు. ఊరి పేరు, జీతం, ఇల్లు, స్కూలు, గుడి, విమానాశ్రయం అన్న కాలమ్స్ అయ్యాక చివర్లో ఒకటి చేర్చారు: 'మంగళవారం 11'. ఆ పేరు ఆయన పెట్టిందే.

మ్యాప్ మీద వేలు ఎక్కడైనా పెట్టేయొచ్చు అనుకుంటారు గానీ, వీసా మీద ఉన్నవాళ్ళకి ఊరు మారడమంటే ఫైలు మారడం. హెచ్-1బి ఏ మెట్రో ప్రాంతానికి వేశారో అక్కడ పనిచేయాలి. వేరే మెట్రోకి వెళ్ళాలంటే అదే కంపెనీ అయినా ముందు సవరణ పిటిషన్ వేయాలి. గ్రీన్ కార్డుకి వేసిన లేబర్ సర్టిఫికెట్ కూడా ఊరికి ముడిపడినదే, చాలా సందర్భాల్లో మళ్ళీ మొదటినుంచి చేయాలి. ఐ-140 ఆమోదం అయిపోయుంటే లైన్‌లో మన తేదీ మాత్రం పోదు, అదొక్కటే ఊరట. కాబట్టి మా జాబితా మా ఆయన కంపెనీకి ఆఫీసులున్న ఊళ్ళకి కుదించుకుపోయింది: ఫీనిక్స్, డాలస్, టాంపా, రాలీ. శాన్ డియాగో కూడా ఆశకొద్దీ చేర్చాం. వాతావరణం గురించి ఒక్క మాట అనడానికి లేదు. ఇళ్ళ రేట్లు చూసి ఫోన్ పక్కన పెట్టేశాం.

ఫీనిక్స్ సంగతి 2023 జూలై తేల్చేసింది. వరసగా 31 రోజులు 43 డిగ్రీలు దాటింది. అమ్మ వచ్చేది చలికాలంలో కదా, అప్పుడు బ్రహ్మాండంగా ఉంటుంది అని ఒక ఫ్రెండ్ వాదించాడు. నిజమే. కానీ మేం అక్కడ పన్నెండు నెలలుండాలి. చలికి తలుపులేసుకునే ఊరు వదిలి ఎండకి తలుపులేసుకునే ఊరికెళ్ళడానికి ఇంత కష్టపడక్కర్లేదు.

టాంపా చూసినప్పుడు మాత్రం నేను పడిపోయాను. 2023 డిసెంబరులో వెళ్ళాం. మిన్నెసోటా నుంచి వచ్చి విమానం దిగగానే కోట్లన్నీ చేతిమీద వేసుకుని నిలబడ్డాం, ఎక్కడ పెట్టాలో తెలీక. ఒక తెలుగువాళ్ళింటికి భోజనానికి వెళ్తే పెరట్లో కరివేపాకు చెట్టు. కుండీలో మొక్క కాదు, చెట్టు! నా దృష్టిలో అమెరికాలో మనవాళ్ళకి అసలైన వాతావరణ పటం కరివేపాకే. కరివేపాకు ఏడాదంతా బయట బతికే ఊళ్ళు, చలికాలం లోపలికి తెచ్చుకునే ఊళ్ళు, ఎంత జాగ్రత్తగా చూసినా మార్చికల్లా పుల్లలు మిగిలే ఊళ్ళు. మాది మూడో రకం. ఆ చెట్టు కింద నిలబడి అమ్మకి వీడియో కాల్ చేశాను. "అబ్బో" అంది అమ్మ. అంతే అంది.

తర్వాత 2024 సెప్టెంబరు 26న హెలీన్ వచ్చింది, అక్టోబరు 9న మిల్టన్. రెండు వారాల తేడాలో రెండు తుఫాన్లు. మిల్టన్ సారాసోటా పక్కన సియెస్టా కీ దగ్గర తీరం దాటింది. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో బేస్‌బాల్ స్టేడియం పైకప్పు పీలికలైపోయిన వీడియో మీరూ చూసే ఉంటారు. మేం భోజనానికి వెళ్ళిన ఇంటివాళ్ళు పిల్లల్ని, పాస్‌పోర్టుల్ని తీసుకుని కారులో ఉత్తరానికి బయల్దేరి, ట్రాఫిక్‌లో పద్నాలుగు గంటలున్నారు. వాళ్ళిల్లు బాగానే ఉంది. కానీ ఆ ఏడాది ఇంటి ఇన్సూరెన్స్ కాగితం వచ్చినప్పుడు ఆయన నాకు ఫొటో తీసి పంపారు, పక్కన దండం ఎమోజీ పెట్టి.

అమ్మ ఫోన్‌లో ఒకే మాట అంది. "తుఫాను ఊరు వదిలేసి అంత దూరం వెళ్ళి, మళ్ళీ తుఫాను ఊరే వెతుక్కుంటారేంటే?" ఆవిడ పుట్టింది అమలాపురం దగ్గర. 1996 నవంబరు 6 రాత్రి మేం అమ్మమ్మ వాళ్ళింట్లో ఉన్నాం. నాకప్పుడు ఏడేళ్ళు. పెంకులు లేచిపోతుంటే మమ్మల్ని ధాన్యం బస్తాల మధ్య కూర్చోబెట్టి మీద పరుపు కప్పారు. తెల్లారి చూస్తే కొబ్బరితోటలు దువ్వెనతో ఒకవైపుకి దువ్వినట్టు పడున్నాయి. ఆ తుఫానులో వెయ్యిమందికి పైగా పోయారు. అదంతా చూసిన మనిషి ఆ ఒక్క మాట అన్నాక టాంపా గురించి మా ఇంట్లో ఇంక ఎవరం మాట్లాడలేదు.

అదే హెలీన్ నార్త్ కరోలినా కొండల్లో ఆష్‌విల్‌ని ముంచేసింది. సముద్రానికి అంత దూరాన, కొండల మధ్య, వాతావరణ మార్పుల నుంచి తప్పించుకోడానికి సురక్షితమైన చోటని చాలామంది చెప్పుకున్న ఊరది. ఆ వార్తలు చదివాక అందమైన చోటు మీద నాకున్న అభిప్రాయం ఒకటి గట్టిపడింది. కొండ కింద, ఏటి పక్కన, సముద్రం ముందు ఇల్లు కట్టుకోనక్కర్లేదు. శనివారం పొద్దున బయల్దేరితే మధ్యాహ్న భోజనానికి అందే దూరంలో ఉంటే చాలు. మనం అక్కడికెళ్ళాలి గానీ, అది మనింట్లోకి రాకూడదు.

డాలస్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే అది ఓడిపోలేదు. మా పెద్దమ్మ కొడుకు, అన్నయ్య, ఫ్రిస్కోలో ఉంటాడు. 2024 ఆగస్టులో వాళ్ళింట్లో వారం ఉన్నాం. పగలు 40 డిగ్రీలు. కానీ సాయంత్రం ఏడున్నరకి వదిన నన్ను పార్కుకి తీసుకెళ్ళింది. అక్కడ బెంచీల మీద పాతికమంది పెద్దవాళ్ళు! చీర మీద స్పోర్ట్స్ షూస్ వేసుకున్న ఆవిడలు, చేతిలో కర్ర పట్టుకుని ఆంధ్రా రాజకీయాలు మాట్లాడే పెద్దాయనలు, ఒకావిడ దగ్గర స్టీలు డబ్బాలో చేగోడీలు. ఎవరి కూతురు ఎక్కడ పనిచేస్తుందో, ఎవరి కోడలికి ఎన్నో నెలో అన్నీ అక్కడే తెలిసిపోతున్నాయి. "మా అత్తయ్యకి ఫోన్ చేస్తే ఎత్తరు, అంత బిజీ" అంది వదిన నవ్వుతూ. అది చూసి నాకు కడుపు నిండిపోయింది. అమ్మకి కావలసింది వెచ్చదనం అని మేం అనుకుంటున్నది బహుశా ఇదేనేమో అనిపించింది.

లోటు లేదా అంటే ఉంది. రాష్ట్ర ఆదాయపన్ను లేదని మురిసిపోతాం గానీ ఇంటి విలువ మీద ఏటా సుమారు 2 శాతం ఆస్తిపన్ను. ఎటు చూసినా చదును. చలి లేదనుకునే చోట 2021 ఫిబ్రవరిలో గడ్డకట్టి కరెంటు పోయింది. లక్షల ఇళ్ళు చీకట్లో ఉన్నాయి. రాష్ట్ర ప్రభుత్వ లెక్కలోనే 246 మంది చనిపోయారు. అన్నయ్యవాళ్ళింట్లో పైపు పగిలి హాలంతా నీళ్ళు. మిన్నెసోటా ఇళ్ళు మైనస్ 30కి కట్టినవి, టెక్సాస్ ఇళ్ళు కావు. అయినా సరే, మా షీట్‌లో డాలస్ 'మంగళవారం 11' కాలమ్‌లో పాసైంది. మా ఆయన టీములో ఖాళీ రాలీలో వచ్చింది కాబట్టి గానీ, లేకపోతే ఈ వ్యాసం ఫ్రిస్కో నుంచి రాసుండేదాన్ని. ఊరు మనం ఎంచుకున్నామని అందరికీ చెప్పుకుంటాం. అందులో సగం మన మేనేజర్ ఎంచుకున్నదే.

రాలీ పక్కన కేరీ, మోరిస్‌విల్ అని రెండు ఊళ్ళున్నాయి. 1959లో మొదలైన రీసెర్చ్ ట్రయాంగిల్ పార్క్ పక్కనే కాబట్టి ఉద్యోగాలు, ఉద్యోగాలతోపాటు మనవాళ్ళు. కేరీలో వేంకటేశ్వరస్వామి గుడికి 2022లో 87 అడుగుల రాజగోపురం కట్టారు, మైలు దూరం నుంచే తెల్లగా కనిపిస్తుంది. మోరిస్‌విల్ జనాభాలో సగానికి దగ్గరగా ఆసియా మూలాలవాళ్ళే. మేజర్ లీగ్ క్రికెట్ 2023లో మొదలైనప్పుడు డాలస్ పక్కన కొన్ని, ఇక్కడి చర్చ్ స్ట్రీట్ పార్కులో కొన్ని మ్యాచ్‌లు ఆడారు. కొండలకి నాలుగు గంటలు, సముద్రానికి రెండు రెండున్నర.

2025 ఫిబ్రవరిలో ఒక వారాంతానికి సోమ, మంగళవారాలు కలుపుకుని చూడటానికి వెళ్ళాం. మంగళవారం ఎందుకో మీకు తెలుసు. ఆ రోజు పొద్దున పదకొండింటికి కారు తాళాలు మా ఆయనకిచ్చేసి, చిన్నాణ్ణి స్ట్రోలర్‌లో వేసుకుని, అమ్మలాగా నడవడం మొదలుపెట్టాను. అంటే నెమ్మదిగా, మోకాలు నొప్పి ఉన్నట్టు, దారిలో కూర్చోడానికి చోటు వెతుక్కుంటూ. ఎండ ఉంది, స్వెట్టరు సరిపోయింది. ఫుట్‌పాత్ ఎక్కడా తెగలేదు. పైన్ చెట్ల మధ్యనుంచి వెళ్ళే నడకదారి ఒక చెరువు దగ్గర తేలింది. బెంచీలు నాలుగు. నలభై నిమిషాల్లో ఎదురైనవాళ్ళు: కుక్కతో ఒక ముసలాయన, స్ట్రోలర్‌తో ఇద్దరు తల్లులు, చీర మీద కోటేసుకున్న ఇద్దరు పెద్దావిడలు. ఆ ఇద్దరూ తమిళంలో మాట్లాడుకుంటూ వచ్చి, నన్ను దాటి రెండడుగులు వేసి, వెనక్కి తిరిగి "తెలుగా?" అని అడిగారు. నా మొహం మీద ఏం రాసుందో!

జూన్‌లో మారాం. ముందు అద్దెకే.

అందరం సంతోషంగా వచ్చామని చెప్పను. మా పెద్దదానికి ఎనిమిదేళ్ళు. స్నో పడదని తెలిసిన రోజు "అయితే నేను రాను, నన్ను ఇక్కడే వదిలేయండి" అని గదిలోకెళ్ళి తలుపేసుకుంది. దానికి చలి అంటే చెరువు మీద స్కేటింగ్, పక్కింటి పిల్లతో కట్టే స్నో కోట. మేం చలి నుంచి పారిపోతున్నాం, అది తన ఊరు వదులుకుంటోంది. ఇక్కడ డబ్బులు కట్టి తిరిగే ఇండోర్ రింక్ ఉంది, ఆదివారాలు తీసుకెళ్తున్నాం. "ఇది గుండ్రంగా తిరగడమేగా" అంటుంది. దానికి నా దగ్గర జవాబు లేదు. స్కూలు కూడా కొత్త పద్ధతి. వేక్ కౌంటీలో కొన్ని స్కూళ్ళు ఏడాది పొడుగునా నడుస్తాయి, తొమ్మిది వారాలు బడి, మూడు వారాలు సెలవు. వేసవి సెలవులేవీ అని అది వెతుక్కుంటూనే ఉంది. ఇక వసంతంలో పైన్ పుప్పొడి పడితే కార్లన్నీ పసుపు రాసినట్టవుతాయట. చిన్నాడికి తుమ్ములు ఇప్పటికే ఉన్నాయి. ఆ వైభవం ఇంకా చూడలేదు.

షీట్‌లో చివరి వరస గురించీ చెప్పాలి. వెచ్చగా ఉండాలి, అందంగా ఉండాలి, పిల్లలకీ పెద్దలకీ బాగుండాలి అని మేం కొట్టుకుంటుంటే మా మరిది ఒక రోజు గ్రూపులో "దాన్ని వైజాగ్ అంటారు వదినా" అని మెసేజ్ పెట్టాడు. నవ్వుకున్నాం. తర్వాత మా ఆయన నిజంగానే వైజాగ్ అని ఒక వరస చేర్చి అన్ని కాలమ్స్ నింపారు. సముద్రం, కొండలు, గుడి, అమ్మకి మూడు గంటల దూరం. 'మంగళవారం 11'కి పదికి పది. జీతం, అప్పులు, పిల్లల చదువు దగ్గర ఖాళీ వదిలేశారు. ఇప్పుడే కాదు అనుకున్నాం. ఆ వరస ఇంకా డిలీట్ చేయలేదు.

అమ్మ అక్టోబరులో వచ్చింది. రమ్మని నేను అడగలేదు, చెరువు వీడియో పంపానంతే. మోకాలికి బెల్టు, మంకీ క్యాప్ తెచ్చుకుంది. క్యాలెండర్ కూడా. మొదటి వారం టిక్కులు పెట్టింది, తర్వాత మానేసింది. ఇప్పుడు ఆ క్యాలెండర్ మీద తమిళావిడ ఫోన్ నంబరు, సాంబారు పొడికి కొలతలు రాసున్నాయి. ఇక్కడ కూడా జనవరి రాత్రుళ్ళు సున్నాకి దిగుతుందని ముందే చెప్పాం, "పగలు కాదుగా" అంది. రైట్స్‌విల్ బీచ్‌కి తీసుకెళ్తే పొద్దున్నే లేచి ఒడ్డున నిలబడి సూర్యుడు నీళ్ళలోంచి పైకొచ్చేదాకా కదల్లేదు. "మన వైపు లాగే వస్తున్నాడే" అంది. తూర్పు తీరం కదా మరి.

పెద్దదానికి మాటిచ్చాం, క్రిస్మస్ సెలవుల్లో ఐదు రోజులు మిన్నెసోటా తీసుకెళ్తామని. చెరువు గడ్డకట్టిందో లేదో ఫ్రెండుకి రోజూ వీడియో కాల్ చేసి కనుక్కుంటోంది. అమ్మకి కూడా టికెట్ తీద్దామని పాస్‌పోర్టు అడిగాను.

"నేనెందుకే ఆ చలికి? మీరు వెళ్ళిరండి. తాళంచెవులు ఇచ్చి వెళ్ళు, గ్యాస్ స్టవ్ ఎలా కట్టేయాలో ఇంకోసారి చూపించు."

"ఐదు రోజులు ఒక్కదానివీ ఏం చేస్తావమ్మా?"

"ఏం చేస్తాను? పదకొండింటికి వాళ్ళొస్తారుగా."

టికెట్లు నాలుగే తీశాం.